కాన్పుకి ముందు బీటీ, సీటీ నార్మల్... మరి అంత రక్తం ఎందుకు పోయింది?

లేబర్ రూమ్ బయట కూర్చున్న వాళ్ళ నోట నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, పరీక్షలన్నీ ముందే చేయించాం కదా. బీటీ, సీటీ నార్మల్ అనే వచ్చింది కదా. మరి మా అమ్మాయికి అంత రక్తం ఎందుకు పోయింది?" ఒక్కోసారి ఇందులో కోపం ఉంటుంది, ఒక్కోసారి ఏదో దాస్తున్నారన్న అనుమానం ఉంటుంది. కానీ ప్రశ్న న్యాయమైనదే. ఆ రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకున్న మనిషికి, అది ఏం చెప్తుందో ఏం చెప్పదో కూడా ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి. ఈ ఎపిసోడ్‌లో ఆ పనే చేద్దాం.

ముందు అసలు కాన్పు అయ్యాక రక్తం ఎలా ఆగుతుందో చూద్దాం. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి దాదాపు 600 నుంచి 700 మి.లీ. రక్తం వెళ్తుంది. బిడ్డ పుట్టి, మాయ ఊడి బయటికొచ్చాక, మాయ అంటుకుని ఉన్న చోట రక్తనాళాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆ వేగంతో పోతే పది నిమిషాల్లో ఒంట్లో రక్తమంతా పోవాలి. పోదు. ఎందుకంటే గర్భసంచి కండరం గట్టిగా ముడుచుకుంటుంది. దాని పోగులు జడ అల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి, రక్తనాళాలు వాటి మధ్య నుంచే వస్తాయి. కండరం బిగుసుకుందంటే ఆ నాళాలు నొక్కుకుపోతాయి. ఆ తర్వాత రక్తం గడ్డకట్టి ఆ నోళ్ళని మూసేస్తుంది.

మీది పల్లెటూరైతే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కాలవకి గండి పడితే ఏం చేస్తారు? ముందు పైన షట్టర్ దించుతారు, ఆ తర్వాత గండికి మట్టి బస్తాలు వేస్తారు. షట్టర్ దించకుండా ఎన్ని బస్తాలు వేసినా కొట్టుకుపోతాయి కదా. ఇక్కడ షట్టర్ అంటే గర్భసంచి ముడుచుకోవడం. మట్టి బస్తాలు అంటే రక్తం గడ్డకట్టడం. బీటీ, సీటీ, పీటీ, ఏపీటీటీ, ఈ పరీక్షలన్నీ గోడౌన్‌లో మట్టి బస్తాలు ఉన్నాయా లేవా అని మాత్రమే చూస్తాయి. షట్టర్ దిగుతుందో దిగదో చెప్పే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు.

కాన్పు తర్వాత ఎక్కువ రక్తం పోయిన కేసుల్ని లెక్క తీస్తే, నూటికి 70 దాకా గర్భసంచి సరిగ్గా ముడుచుకోకపోవడం వల్లే. ఇంకో 20 దాకా ఎక్కడో చిరగడం వల్ల, 10 దాకా మాయ ముక్క లోపల ఉండిపోవడం వల్ల. రక్తం గడ్డకట్టకపోవడమే మొదటి కారణమైన కేసులు నూటికి ఒకటి. ఇవి సుమారు లెక్కలే, కానీ పుస్తకాలన్నీ ఇంచుమించు ఇలాగే చెప్తాయి. అంటే మీ చేతిలో ఉన్న నార్మల్ రిపోర్టు ఆ ఒక్కదాని గురించే ఎంతో కొంత చెప్తోంది. మిగతా 99 గురించి దానికి ఏమీ తెలియదు.

ఆ ఒక్కదాని గురించైనా సరిగ్గా చెప్తుందా అంటే, అదీ అనుమానమే. బీటీ అంటే వేలికో చెవికో చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి కాగితంతో అద్ది, ఎప్పుడు ఆగుతుందో చూడటం. డ్యూక్ అనే డాక్టరు 1910లో పెట్టిన పద్ధతి ఇది. సీటీ అంటే సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అర నిమిషానికోసారి కొంచెం కొంచెం విరుస్తూ దారంలాంటి పోగు ఎప్పుడు కనిపిస్తుందో చూడటం. గాటు ఎంత లోతు, గది ఎంత చల్లన, చేసే మనిషి గడియారం చూశాడా లేదా... వీటన్నిటిని బట్టీ ఫలితం మారిపోతుంది. గడ్డకట్టించే పదార్థాలు బాగా అడుగంటిపోతే తప్ప సీటీ మారదు. ఆపరేషన్‌లో ఎవరికి రక్తం ఎక్కువ పోతుందో బ్లీడింగ్ టైమ్ పట్టి ఇవ్వలేదని అమెరికాలో పాథాలజిస్టుల సంఘాలు 1998లోనే తేల్చి చెప్పాయి. మన దగ్గర మాత్రం ఇంకా చాలాచోట్ల ఫైల్‌లో ఆ కాగితం లేకపోతే ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకోదు. నా ఉద్దేశంలో ఆ డబ్బుతో ఇంకోసారి హిమోగ్లోబిన్ చూసినా మేలే.

పీటీ, ఐఎన్‌ఆర్, ఏపీటీటీ వీటికంటే మంచి పరీక్షలు. లివర్ జబ్బున్నా, బీపీ బాగా పెరిగి ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ఇవి కావాలి. అయితే ఏ ఇబ్బందీ లేని గర్భిణికి ఊరికే చేస్తే వాటి నుంచి తెలిసేది తక్కువ. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. కొంతమంది గర్భం నిలబడటానికని, లేదా కాళ్ళలో గడ్డలు కట్టకుండా, పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటారు. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే రకం హెపారిన్ ప్రభావం ఏపీటీటీలో సరిగ్గా కనపడదు. "ఏపీటీటీ నార్మల్ కదా" అని ధీమాగా ఉండకూడదు. ఆఖరి ఇంజెక్షన్ ఏ రోజు, ఎన్ని గంటలకి చేసుకున్నారో ఫైల్ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. వెన్నులో మత్తు ఇచ్చే డాక్టరుకి ఆ టైమ్ చాలా ముఖ్యం.

ఇక అసలు విషయానికొస్తున్నాను. ఫైబ్రినోజెన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. రక్తం గడ్డకట్టినప్పుడు వలలా అల్లుకునేది దీని పోగే. గర్భంలో ప్రకృతి దీన్ని పెంచి పెడుతుంది, కాన్పులో రక్తం పోతుందని ముందే తెలిసినట్టు. మామూలు మనిషికి 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటే, నెలలు నిండిన గర్భిణికి 400 నుంచి 600 దాకా ఉంటుంది. ల్యాబ్ రిపోర్టులో పక్కన బ్రాకెట్లో వేసే నార్మల్ రేంజ్ మాత్రం మామూలు మనిషిదే. రక్తం పోతున్న బాలింతకి ఫైబ్రినోజెన్ 210 వచ్చిందనుకోండి. కంప్యూటర్ దాని పక్కన ఎర్ర గుర్తు వేయదు. చూసినవాళ్ళు నార్మల్ అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. నిజానికి ఆమెకి ఉండాల్సిన దాంట్లో సగం ఖర్చయిపోయిందని దాని అర్థం. గర్భం వల్ల పీటీ, ఏపీటీటీ కూడా మామూలు కంటే కొంచెం తగ్గే ఉంటాయి కాబట్టి, అవి పెరిగి కనపడేసరికి పరిస్థితి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. అన్నిటికంటే ముందు పడిపోయేది ఫైబ్రినోజెనే.

2007లో ఫ్రాన్స్ డాక్టర్లు ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. కాన్పు తర్వాత బ్లీడింగ్ మొదలైన వాళ్ళలో అప్పుడే ఫైబ్రినోజెన్ చూశారు. అది 200 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ బ్లీడింగ్ తీవ్రంగా మారింది. 400 దాటి ఉన్నవాళ్ళలో నూటికి 79 మందికి అంతదూరం పోలేదు. అది చిన్న పరిశోధనే, కానీ ఆ తర్వాత ప్రపంచంలో చాలా ఆసుపత్రుల్లో లేబర్ రూమ్ పద్ధతులు మారడానికి అదొక కారణమైంది. గమనించండి, ఇది కాన్పుకి వారం ముందు చేసిన పరీక్ష కాదు. రక్తం పోతున్నప్పుడు చేసింది. గడ్డకట్టే పరీక్షల విలువంతా ఆ సమయంలోనే ఉంది.

కానీ రాత్రి రెండు గంటలకి, పెద్ద ల్యాబ్ లేని చోట ఏం చేస్తాం? రిపోర్టు రావడానికి బాగా నడిచే ఆసుపత్రిలో కూడా ముప్పావు గంట, గంట పడుతుంది. దీనికొక పాత పద్ధతి ఉంది. దాన్ని చులకనగా చూడకండి. శుభ్రమైన, పొడిగా ఉన్న మామూలు గాజు టెస్ట్ ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, వెచ్చగా ఉండటానికి గుప్పిట్లో పట్టుకోవాలి. నాలుగు నిమిషాలయ్యాక మెల్లగా వంచి చూడాలి, ఆ తర్వాత నిమిషానికోసారి. ఏడు నిమిషాలకీ గడ్డకట్టలేదన్నా, కట్టిన గడ్డ మెత్తగా ఉండి విడిపోతోందన్నా ఫైబ్రినోజెన్ బాగా పడిపోయినట్టే అనుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పుల పుస్తకంలో ఇది ఉంది. పాము కాటుకి మన పీహెచ్‌సీల్లో ఇరవై నిమిషాల గాజు ట్యూబు పరీక్ష చేస్తారు చూడండి, దాని అక్కచెల్లెలే ఇది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, గాజే కావాలి. గాజు తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది.

ఒక కేసు చెప్తాను. ఎనిమిదో నెల, బీపీ ఉన్న అమ్మాయి. పొట్ట చెక్కలా గట్టిపడి వచ్చింది. లోపల బిడ్డ గుండె ఆగిపోయింది. మాయ ముందే విడిపోయిందన్నమాట. బయటికి కనపడిన రక్తం ఒక చీర ముక్క తడిసేంతే. వాళ్ళత్తగారు "పెద్దగా ఏం పోలేదండీ" అంటున్నారు. అదీ నిజమే, పోయింది బయటికి కాదు, మాయ వెనకాల పేరుకుంది. నర్సమ్మ గుప్పిట్లో ట్యూబు పట్టుకుని నిలబడింది. పది నిమిషాలైనా అందులో రక్తం నీళ్ళలాగే అటూ ఇటూ కదులుతోంది. ఇంక రిపోర్టు కోసం చూడలేదు. క్రయో కావాలని రక్తనిధికి ఫోన్ చేశాం, వాళ్ళాయన్ని బండి మీద పంపించాం. గంట తర్వాత ల్యాబ్ వాళ్ళు ఫైబ్రినోజెన్ 90 అని చెప్పేసరికి రెండో బ్యాగు ఎక్కుతోంది. బిడ్డని దక్కించుకోలేకపోయాం. తల్లి ఆరో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఆ అమ్మాయికి నెల ముందు బీటీ, సీటీ చేసుంటే నార్మల్ వచ్చేది. అబద్ధం కాదు, ఆ రోజుకి నార్మలే. మాయ ముందే విడిపోవడం, బిడ్డ కడుపులో చనిపోయి చాలా రోజులు ఉండిపోవడం, బీపీతో లివర్ దెబ్బతినడం, ఉమ్మనీరు రక్తంలో కలవడం, ఒంట్లో చీము పట్టడం, ఇలాంటప్పుడు గంటల్లో మట్టి బస్తాలన్నీ ఖాళీ అవుతాయి.

క్రయో అన్నాను కదా, దాని గురించి రెండు ముక్కలు. ఎర్ర రక్తం బ్యాగులో గడ్డకట్టే పదార్థాలు దాదాపు ఉండవు. అవి ప్లాస్మాలో ఉంటాయి. ప్లాస్మాలో కూడా ఫైబ్రినోజెన్ పల్చగానే ఉంటుంది, ఉత్త ప్లాస్మాతో దాన్ని పైకి తేవడం కష్టం. క్రయోప్రెసిపిటేట్‌లో చిక్కగా ఉంటుంది. ప్లాస్మా, క్రయో రెండూ గడ్డకట్టించి ఉంచుతారు కాబట్టి కరిగించడానికి అరగంట దాకా పడుతుంది. చిన్న ఊళ్ళలో ఉండే రక్తం స్టోరేజ్ యూనిట్లలో సాధారణంగా ఎర్ర రక్తమే దొరుకుతుంది. అందుకే "రెండు బాటిళ్ళు రెడీగా ఉన్నాయి" అన్నప్పుడు, ప్లాస్మా, క్రయో ఎక్కడి నుంచి వస్తాయి, ఎంతసేపట్లో వస్తాయి అని కూడా అడగండి. రిస్కు ఉన్న కాన్పు ఎక్కడ చేయించుకోవాలో ఆ జవాబే చెప్తుంది.

మరి పుట్టుకతో రక్తం గడ్డకట్టని జబ్బుల సంగతేంటి? ఉన్నాయి, అరుదుగా. వాటిని పట్టుకోవడానికి కూడా నోటితో అడిగే ప్రశ్నలే ముందు పనికొస్తాయి. మీకు మొదటి నుంచీ నెలసరి గంటకో ప్యాడ్ తడిసేలా అవుతుందా? పన్ను పీకించుకుంటే మర్నాటి దాకా రక్తం కారిందా? ముక్కులో రక్తం పది నిమిషాలు దాటినా ఆగదా? దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిపోతుందా? మీ నాన్నగారికో అన్నదమ్ములకో హీమోఫీలియా ఉందా? మీ అమ్మగారికి, అక్కకి కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చిందా? మన దగ్గర ఇంకో ప్రశ్న కూడా అడగాలి. మీ అమ్మానాన్నలది మేనరికమా? ఫ్యాక్టర్ 13 లోపం, గ్లాంజ్‌మన్ జబ్బు లాంటివి దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఎక్కువ కనపడతాయి. ఈ రెండింటిలోనూ పీటీ, ఏపీటీటీ నార్మల్‌గానే వస్తాయి. పుట్టినప్పుడు బొడ్డు ఊడాక రక్తం ఆగకుండా కారిందని అమ్మమ్మ చెప్పిందంటే, ఆ ఒక్క మాట రిపోర్టుల దొంతర కంటే ఎక్కువ.

ఇందులో కొంచెం మామూలుగా కనపడేది వాన్ విల్లెబ్రాండ్ జబ్బు. 1926లో ఫిన్లాండ్ డాక్టరు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబంలో దీన్ని గుర్తించారు. దీనితో చిక్కేంటంటే, గర్భంలో ఈ పదార్థం దానంతటదే పెరుగుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే నార్మల్ రావచ్చు. కాన్పు కూడా సాఫీగా అయిపోవచ్చు. తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో అది మళ్ళీ పాత స్థాయికి పడిపోతుంది. అప్పటికి బాలింత పుట్టింట్లో ఉంటుంది. పురిటి స్నానం అయిపోయిందనీ, గండం గడిచిందనీ అందరూ అనుకునే రోజుల్లో బ్లీడింగ్ మొదలవుతుంది. "చెడు రక్తం పోతోందిలే, పోనివ్వు" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినపడుతుంది. పెద్దమ్మలకి దండం పెట్టి చెప్తున్నాను, చెడు రక్తమనేది లేదు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, అది పదో రోజైనా ఇరవయ్యో రోజైనా, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ జబ్బుకి పరీక్ష చేయించాలంటే గర్భం రాకముందో, కాన్పయ్యాక కొన్ని నెలలకో చేయించడం మంచిది.

ప్లేట్‌లెట్ల గురించి ఒక్క మాటతో వదిలేస్తాను. ఆఖరి నెలల్లో కొంచెం తగ్గడం చాలామందిలో మామూలే. లక్ష పైన ఉన్నాయంటే బొప్పాయి ఆకుల కోసం పరుగెత్తకండి. బీపీ ఉండి, రోజురోజుకీ జారిపోతుంటే మాత్రం అది వేరే కథ.

ఇప్పుడు షట్టర్ వైపు వద్దాం, ఎక్కువ ప్రాణాలు నిలబడేది అక్కడే కాబట్టి. బిడ్డ పుట్టగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అది ఫ్రిజ్‌లో ఉన్న మందై ఉండాలి, ఎండకి ఉంచితే పని చేయదు. తర్వాత రక్తాన్ని కొలవాలి. కంటితో చూసి చెప్పే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షల పైచిలుకు కాన్పుల మీద చేసిన ఈ-మోటివ్ పరిశోధన 2023లో వచ్చింది. నడుం కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తం కొలిచిన చోట నూటికి 93 బ్లీడింగులు దొరికాయి. మామూలు పద్ధతిలో 51 మాత్రమే. దొరికిన వెంటనే పొట్ట మర్దన, మందులు, సెలైన్, ఎక్కడి నుంచి కారుతోందో చూడటం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి చేశారు. తీవ్రమైన బ్లీడింగ్, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, మరణాలు, మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. ఇందులో ఒక్క గడ్డకట్టే పరీక్ష కూడా లేదు చూశారా!

ఆ మందుల్లో ట్రనెక్సామిక్ యాసిడ్ ఒకటి. ఇది కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. 20,060 మంది బాలింతల మీద జరిపిన వుమన్ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. కాన్పైన మూడు గంటల లోపల ఇస్తే రక్తం పోయి చనిపోయేవాళ్ళు 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గారు. మూడు గంటలు దాటాక ఇస్తే లాభం కనపడలేదు. ఒక గ్రాము ఇంజెక్షన్‌కి రిపోర్టు చూడాల్సిన పని లేదు. రిపోర్టు కోసం ఆగితే ఆ మూడు గంటలే కరిగిపోతాయి. 2025 అక్టోబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా ముందుకొచ్చింది. ఇదివరకు 500 మి.లీ. పోయాక బ్లీడింగ్ అనేవాళ్ళం. ఇప్పుడు 300 మి.లీ. దాటి, నాడి గానీ బీపీ గానీ తేడాగా ఉంటే అప్పుడే చికిత్స మొదలుపెట్టమంటున్నారు. వయసులో ఉన్న ఆడపిల్ల లీటరు పైన రక్తం పోయేదాకా బీపీ నిలబెట్టుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. కాబట్టి బీపీ బాగుందని ఊరుకోకూడదు. నాడి పైకి, బీపీ కిందికి వెళ్తూ రెండూ దగ్గరపడుతున్నాయంటే, నాడి 110, పై బీపీ 100 అయిందంటే, అది పిలుస్తున్నట్టే.

ఇంకొకటి, హిమోగ్లోబిన్. దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 12 ఉన్న అమ్మాయి 700 మి.లీ. పోగొట్టుకుంటే నీరసపడుతుంది. 7 ఉన్న అమ్మాయికి అదే 700 ప్రాణం మీదికొస్తుంది. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. మనం దేశ సగటు 97 కంటే చాలా మెరుగే. కానీ కేరళకీ మనకీ మధ్య ఉన్న ఆ తేడాలో ఎన్ని ఇళ్ళున్నాయో ఆలోచించండి.

కాబట్టి ఆఖరి నెలలో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇవి అడగండి. నా హిమోగ్లోబిన్ ఎంత? పోయినసారి కాన్పులో రక్తం ఎక్కువ పోయింది, ఈసారి ఏం ఏర్పాటు చేస్తున్నారు? మాయ కిందికి ఉందా, పాత ఆపరేషన్ కుట్టు మీద ఉందా? కవలలైనా, ఉమ్మనీరు ఎక్కువున్నా, నొప్పులు మరీ ఎక్కువసేపు సాగినా గర్భసంచి అలిసిపోతుంది, అప్పుడు మీ దగ్గర ఎవరుంటారు? రాత్రిపూట రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఇవేవీ లేని వాళ్ళకి కూడా బ్లీడింగ్ వస్తుంది కాబట్టి ఆఖరి ప్రశ్న అందరూ అడగాల్సిందే. కాన్పయ్యాక మొదటి రెండు గంటలు పక్కనున్న వాళ్ళు బిడ్డ ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. దుప్పటి ఎత్తి కింద తడి చూస్తూ ఉండండి, తల్లి చెమటలు పడుతోందా, దాహం అంటోందా, కంగారు పడుతోందా గమనించండి, వెంటనే సిస్టర్‌ని పిలవండి.

ప్లేట్‌లెట్లు, బీపీ, లివర్ మూడూ కలిసి వచ్చే హెల్ప్ సిండ్రోమ్ గురించి చాలామంది అడుగుతున్నారు. అది వచ్చే ఎపిసోడ్‌లో.